ముసల్లం గీసిన దారి

ఇబ్రీ క్యాంపు, పదకొండో నంబరు రూము.
గురువారం రాత్రి.
ఏసీ నీళ్లు బకెట్ల చుక్క చుక్క పడుతుంటె
పాత కరెంటు బిల్లు ఎనుక
ముసల్లం దారి గీసిండు.
సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులు.

ఇది హైమా. ఇది తుమ్రైత్.
ఈడిదాంక ఇసుకే, నిద్రపోండ్రి.
ఈడ బస్సు పొగమంచుల మునుగుతది, అప్పుడు లేవుండ్రి.
రోడ్డు ఇడిసినంక ఒంటెల బాట.
ఒంటెల బాట కూడ ఆగిపోయినంక
(పెన్ను లేపి, జరసేపు ఆలోచించి)
చెవులు పెట్టుకొని నడువుండ్రి, అన్నడు.

అంతల్నే బిల్లు అయిపోయింది.
గీత ఆగలె. కాయితం దాటి గోడెక్కింది,
నీళ్లు దుంకే తావు
పోశెట్టి మంచం పైన సున్నం మీద వడ్డది.

అరబ్బు దేశంల అడివేందిరా, అని పోశెట్టి నవ్విండు.
మూడు నెలలు ఆ గుట్టలకు
జెరం ఇడిసినట్టు చెమట వడుతదట.
రాయి పచ్చగైతదట.
చింతచెట్లు గూడ ఉన్నయట.
చింతపండుకు వాళ్ల భాషల పేరు, హిందూస్తాన్ ఖజ్జూరం.
“మీ పండు మా గుట్టెక్కి కూసున్నది,
మీరెక్కలేరా?” అన్నడు.

నేను నీళ్ల ట్యాంకరు తోల్త.
తొమ్మిదేండ్ల సంది ఐదువేల గ్యాలన్లు
నా ఈపు ఎనుక ఊగుతనే ఉన్నయి.
బ్రేకేస్తె ముందుకొచ్చి నూకుతయి,
మలుపుల కాడ ఒరిగి, ఏదో యాదికొచ్చినట్టు
మల్ల సర్దుకుంటయి.
ఎవరు నింపకుంట, ఎవరు సంతకం పెట్టకుంట
తమంతట తాము దుంకే నీళ్లు
ఈడికొచ్చినంక సూడలె.

సామాను రాసుకున్నం.
తాడు, సైటుల పాతది, ఇరవై మీటర్లు.
ఖుబ్బూస్ వద్దు, తడికి పాసిపోతది;
అటుకులు, పల్లీలు, బెల్లం.
జలగలకని లింబాద్రి ఉప్పు రాపిచ్చిండు.
ఆడ జలగలు లేవని ముసల్లం కొట్టేసిండు.
పల్లీలకన్న పనికొస్తదని నేను మల్ల రాసిన.
బూట్ల కాడ లొల్లి అయింది.
ఇనుప మూతి బూట్లకు బురదల పట్టు దొరకదు,
ఒట్టి కాళ్లెందుకున్నయి, అన్నడు ముసల్లం.
సిమెంటు తిన్న మడిమెలను పోశెట్టి
దుప్పట్ల దాసుకున్నడు.

శుక్రవారం తెల్లారగట్ల
క్యాంపెనుక నల్లరాళ్ల గుట్ట ఎక్కుడు షురూ చేసినం,
కాళ్లు మరిగించాలె గద.
పైన సిగ్నల్ మంచిగ దొరుకుతదేమో అనుకొని
మా ఎనుక ఇంకో ఆరుగురు ఎక్కిన్రు.
ఫోన్లు పైకెత్తి నిలవడ్డరు,
మేము మోకాళ్లు పట్టుకొని కూసున్నం.

ఇగ సెలవు.
మూడు రోజులు, ముగ్గురికి, ఒక్కపారే.
ఫారంల కారణాలు మూడే:
రోగం, పెండ్లి, సావు.
లింబాద్రి వాళ్ల మేనమామను సంపుదమన్నడు.
ఆయనను పోయిన బక్రీదుకే సంపినం.
బతికున్న మనిషిని రెండుపార్లు సంపుడు పాపమని
పోశెట్టి ఒప్పుకోలె.

అక్టోబరుల అయితె సెలవు అల్కగ దొరుకుతది,
అప్పటికి ఆ నీళ్లు దారమంతైతయి అన్నడు ముసల్లం.
దారమైతేంది, అన్నడు లింబాద్రి.
దారం సూసెతందుకు వెయ్యి కిలోమీటర్లా, అన్నడు పోశెట్టి.
ఎవ్వరం మాట్లాడలె.
బకెటు నిండింది. లేసి పారవోసొచ్చిన.

పొద్దున ఆఫీసుకు నేనే పోయిన.
మూడు గడులు ఖాళీగ ఇడిసి, కింద అంచుకు
నీళ్లు చూచుటకు, అని రాసిన.
వర్గీస్ సారు ఫారం సూసిండు.
కిటికీల నుంచి నా ట్యాంకరు సూసిండు.
మల్ల ఫారం సూసిండు.
“దినాం సూస్తలేవా?”
జవాబు దొరకలె.
పెన్ను మూత తీసి ఆయన ఇంక ఆలోచిస్తుండు.
బయట, ఎన్నడో బాగుచేపియ్యాల్సిన వాల్వు నుంచి
ఒక్కొక్క చుక్క ఇసుకల దుంకుతున్నది.