గట్టు మీద రెండో గేరు

పల్లంకుర్రు దాటాక తారు అయిపోయే చోట
జీపు ఆపమన్నాడు గెడ్డం సుందర్రావు.
వైపర్‌కి అందని వాన.
వెనక యాభై రెండు సంచులు,
సంచికి రెండు వేల రొయ్యపిల్ల,
ఒక్కొక్కటీ కనురెప్ప వెంట్రుకంత.
తెల్లారేలోగా చెరువులో దిగాలి.

"దిగి ముందు చక్రాల హబ్బులు తిప్పిరా సత్తివేణీ.
కూరుకుపోయాక తిప్పడమంటే
మునిగాక ఈత నేర్చుకోవడమే."
తిప్పాను. కుడిది. ఎడమది.
వేళ్ళ నిండా గ్రీజు, మెడలోంచి వీపులోకి వాన.

ఆయన పద్దెనిమిదేళ్ళు మిలటరీలో
కొండల మీద రేషన్ లారీ తోలాడు.
నేను చూసిన మంచల్లా
ఐసు ఫ్యాక్టరీలో చేపల పెట్టెల్లోకి రాలేదే.
రోడ్డు మీద పడితే ఎలా ఉంటుంది బాబాయ్ అంటే
"మన ఒండ్రు లాగే ఉంటది.
అది తెల్లన, ఇది నల్లన.
రెండూ మెత్తగానే పలకరిస్తాయి,
చక్రాన్ని మాత్రం ఒప్పుకోవు."

చిన్న లివరు లాగాను.
కాళ్ళ కింద ఎక్కడో ఇనుము ఇనుముని పట్టుకుంది.
ఎడమ పక్క కాలువ, కుడి పక్క చెరువు,
మధ్యలో తొమ్మిదడుగుల గట్టు.
మొన్న ట్రాక్టరు కట్టి లాగించిన చోట
ఇవాళ జీపు పిల్లిలా పాకింది.
నాకు పొగరెక్కింది, ఒప్పుకుంటాను.
మూడో గేరు వెయ్యబోయాను.

నా చేతి మీద చెయ్యి పడింది.
"నాలుగు చక్రాలూ లాగేది ముందుకెళ్ళడానికే.
ఆగేటప్పుడు ప్రతి బండీ నాలుగు చక్రాలదే,
అక్కడ మన గొప్పేం లేదు."

రెండో గేరులోనే ఉన్నాను.
అయినా తూము దగ్గర
యూరియా సంచీ నెత్తిన కప్పుకుని
ఒక మనిషి, చేతిలో ఆరిన టార్చిలైటు.
కాలు దానంతటదే బ్రేకు మీదకి దూకింది.
చక్రాలు ఆగాయి. జీపు ఆగలేదు.
వెనక భాగం నెమ్మదిగా, ఎంతో మర్యాదగా,
కాలువ వైపు బయల్దేరింది.

"కాలు తియ్యి."
తీశాను.
"కాలువ వైపే తిప్పు."
కాలువ వైపా?
"ఎటు జారుతుంటే అటే! తిప్పు!"

నా చేతులు నన్ను తిట్టుకుంటూనే తిప్పాయి.
అద్దం నిండా కాలువ. గుర్రపుడెక్క పువ్వులు
ఒక్కొక్కటిగా కనిపించాయి.
అప్పుడు ముందు చక్రాలకి గట్టి నేలేదో దొరికింది.
"ఇంక నిటారు చెయ్. మెల్లగా. ఇంజనే ఆపుద్ది."
ఇంజనే ఆపింది.

యూరియా సంచీ మనిషి కిటికీ దగ్గరకొచ్చి
"అగ్గిపెట్టె ఏమన్నా ఉందా అండీ" అన్నాడు.
సుందర్రావు ఇచ్చాడు.
తడిసిందది. ఇద్దరూ చాలాసేపు గీశారు.

ఆ తర్వాత, నేనేం అడక్కుండానే:
"జోజిలా దగ్గర ముందు లారీకి
బ్రేకు లైట్లు వెలిగాయి.
లోయలోకి కూడా వెలుగుతూనే వెళ్ళాయి."
ఎవరు తోలుతున్నారో చెప్పలేదు.
నేను రెండో గేరు వేశాను.
మిగతా మైలున్నరా
వెనక సంచుల్లో నీళ్ళు ఊగే చప్పుడు వింటూ
బ్రేకు మీద కాలు పెట్టకుండా వెళ్ళాను.

తిరిగొచ్చేటప్పటికి వాన లేదు.
ఎండ కాసిన తారెక్కి మలుపు తిప్పితే
జీపు మూలిగింది, టైర్లు కిర్రుమన్నాయి,
స్టీరింగు నాతో పోట్లాడింది.
ఏదో విరిగిందనుకున్నాను.

"ఏం విరగలేదు. వదిలెయ్యడం మర్చిపోయావు.
బురదలో ముందూ వెనకా ఒకే మాట మీద నడవాలి.
గట్టి నేల మీద మలుపులో
వేటి దూరం వాటిది."

రోడ్డు పక్కన ఆపి లివరు నెట్టి, దిగాను.
హబ్బుల మీద ఒండ్రు అప్పుడే పెచ్చు కట్టింది.
గోళ్ళతో గీకి, కుడిది తిప్పాను.
ఎడమది రాలేదు.
ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు, దిగలేదు.
చీర కొంగు చుట్టి మళ్ళీ పట్టాను.