ఇరవై బై పది

"ఎందుకు పోవాల్నో రాయ్ బిడ్డా,
ఐదు ముక్కల్ల రాయ్" అన్నడు
దేవరకొండ రోడ్డుల ట్రావెల్స్ పెట్టిన జహంగీర్ సేటు.
"అండమాన్. ఐదు పగళ్లు, నాలుగు రాత్రులు.
రేటు మాత్రం చిన్నగ, కింద మూలకు."

నేను రాస్త. నల్గొండ ఫ్లెక్సుల దుకాణంల
ఏడేండ్ల సంది గిదే పని.
నా కంప్యూటర్ల ఒక సముద్రముంది,
పేరు నీలం నాలుగు.
దాన్నే మొన్న మర్రిగూడ నీళ్ల ప్లాంటు బోర్డుకు పోసిన.
దాన్నే జెర లేతగ చేసి
సైదమ్మ పెద్దకర్మ ఫ్లెక్సుల
ఆమె ఎనక ఆకాశం పెట్టిన.
ఆకాశంల అలలెందుకున్నయని
ఒక్కరూ అడగలే.

మొదటిది:
అక్కడ నీళ్లల్ల అడుగు కనబడ్తది.
నిజమో కాదో తెల్వది.
మా బాయిల గూడ అడుగు కనబడుతుండె,
ఎండకాలం, నీళ్లు లేక.

రెండోది:
చెప్పులు ఇడిచి ఇసుకల నడువొచ్చు.
రాసి తుడిపేసిన.
ముప్పై ఏండ్లు బోరు నీళ్లు తాగి
మా చిన్నాయిన మోకాళ్లు కట్టెలైనయ్.
ఆయన చెప్పులు నేనే తొడుగుత, నేనే ఇడుస్త.
ఆ ఒడ్డున కుర్చేసి కూసోబెడితే ఏమంటడు?
"గిన్ని నీళ్లు పెట్టుకొని ఒక్క గుక్క పనికిరావా?
గిది మనూరే గద!" అంటడు.
గారపండ్లు కనబడేటట్టు నవ్వుతడు.

మూడోది సేటే చెప్పిండు: ప్రశాంతత.
ఒత్తులు రెండుసార్లు చూసుకున్న.
ఎనక మిషను గీకుతాంటె
పక్క దుకాణంల డీజే బాక్సులు సరిచూస్తున్నరు.

నాలుగోది దొరకలే.
చాయ్ తెచ్చిన ఇంతియాజ్ నడిగిన.
"అక్కా, ఆడ ఎవ్వరు పేరు పెట్టి పిలువరు గద,
గందుకు పోవాలె" అన్నడు.
చెప్పుడు అయిందో లేదో
మూడు దుకాణాలకెల్లి పిలుపొచ్చింది వానికి.
రాసిన.
సేటు కొట్టేయించి
ఏసీ రూము, టిఫిను ఫ్రీ అని పెట్టిచ్చిండు.

ఐదోదాని జాగల
ఫోను నంబరు పెద్దగ చేసిన.

గడియారం సెంటర్ల ఇరవై రోజులు వేలాడింది.
ఒక్క జంట పోయొచ్చిండ్రు,
పురుగుమందుల డీలరు, ఆయన భార్య.
ఎట్లుందని అడిగితే
"ఉక్క. మనకంటె ఎక్కువ ఉక్క" అన్నడంట.

తర్వాత గాలిదుమారమొచ్చి
ఒక కొస తెంపింది.
మున్సిపాలిటోల్లు వచ్చేసరికి
ఎవరో పట్టుకపోయిండ్రు.
పోతరు మరి.
ఫ్లెక్సుల నీళ్లు దిగవు.

యాసంగి వడ్లప్పుడు
తిప్పర్తి కొనుగోలు సెంటర్ల
మా అక్కోళ్ల కుప్ప చూద్దామని పోయిన.
పదకొండు రోజులాయె కాంటా కాక.
తేమ ఎక్కువుందని ఒక దినం,
లారీ రాలేదని ఒక దినం,
గోనెసంచులు లేవని ఒక దినం.
అప్పుడు పడ్డది వాన.

చుట్టూ మోకాటిలోతు ఎర్రనీళ్లు.
నడుమ ఒక వడ్లకుప్ప,
దాని మీద నా సముద్రం.
కొబ్బరిచెట్టు తలకిందులుగ,
కొసలకు బండరాళ్లు,
రాయి దొరకని కొస మీద ఒక మనిషి,
తండా కేస్లీ.
లేస్తె ఫ్లెక్సు లేస్తదని
పొద్దటి సంది లేవలేదంట.

"రా, ఈడ తడి లేదు" అన్నది.
చెప్పులు ఇడిచి ఎక్కిన.
అరికాళ్లకు కింద వడ్లు ఎచ్చగ తగిలినయ్.
"ఎచ్చగయితున్నయంటె మొలకొస్తయ్,
మంచిది కాదు" అన్నది.

"ఏం రాసుంది దీని మీద?"
నేనే రాసిన్నని చెప్పలే.
మూలకున్న చిన్నక్షరాలు సదివిన:
మనిషికి ముప్పైఎనిమిది వేల ఐదువందలు.
"ఎన్ని బస్తాలు?"
ఇద్దరం ఏళ్లు మడిచి లెక్క కట్టినం.
నలభై ఒకటి.
"అంటె గీ కుప్పల సగం" అన్నది,
కుప్పను అరచేత్తోటి తడిమి.

నీళ్ల దిక్కు చూసింది.
"వాన ఆగనీ, చూద్దాం.
నువ్వు జెర జరిగి కూసో,
ఆ కొస లేస్తున్నది."