అక్కర్లేని షాట్

పుంటా అరెనాస్‌లో నవంబరు.
రాత్రి పదైతే గానీ చీకటి పడదు.
తెర కనపడాలని కిటికీకి దుప్పటి కట్టి
వంటింటి బల్ల ముందు కూచున్నాను.
చల్లారిన సూపు, ఎర్ర పెన్ను,
పదకొండో తరగతి తీసిన పద్దెనిమిది సినిమాలు.
అయిదు నిమిషాలు మించరాదని
బోర్డు మీద రెండుసార్లు గీత కొట్టి మరీ చెప్పాను.

పట్టిక కూడా నేనే గీశాను.
కథకు పది, వెలుగుకు పది,
శబ్దానికి పది, కూర్పుకు పది.
గళ్లలో పట్టనిదేదీ
నేను పాఠం చెప్పలేదు.

బల్తసార్ బార్రియా సినిమాలో ముగ్గురు చచ్చిపోయారు.
మూడోవాడి పొట్ట మాత్రం
నిక్షేపంగా ఊపిరి తీస్తోంది.
టమాటా సాసు నెత్తుటిని
ఎవరిదో కుక్క వచ్చి నాకిపోయింది.
"కుక్క నటన సహజంగా ఉంది" అని రాశాను,
కొట్టేశాను,
మళ్లీ రాశాను.

ఓయార్సూన్ అక్కచెల్లెళ్లకి దయ్యం దొరికింది గానీ
చీకటి దొరకలేదు.
శ్మశానంలో, గుండ్రంగా కత్తిరించిన సైప్రస్ చెట్ల మధ్య,
రాత్రి తొమ్మిదింటి ఎండలో
తెల్లదుప్పటి నడిచొస్తోంది.
దాని కింద స్కూలు బూట్లు.
ఎడమ బూటు లేసు ఊడింది.
పడుతుందేమోనని నిజంగానే భయపడ్డాను.
భయం కలిగించడంలో సఫలం.

హెరెమియాస్ ప్రేమకథలో ఒక్క ముక్క వినపడదు.
జలసంధి గాలంతా మైకులో దూరి కాపురం పెట్టింది.
అడుగున చీటీ:
"గాలి కావాలనే ఉంచాను టీచర్,
ప్రేమను ఎవరూ వినిపించుకోరని."
గాలికి పోయే పేలపిండి దేవుడికే అర్పణమట!
శబ్దానికి రెండు.
గడుసుదనానికి గడి లేదు.

ఎలియాసర్ కార్కమో
క్లాసులో పేరు పిలిచినా పలకడు.
వాళ్లమ్మ చేతులు తీశాడు, అంతే.
పీతల ఫ్యాక్టరీలో, రబ్బరు తొడుగుల్లో,
కాలు విరిచి, డొల్ల చీల్చి, మాంసం లాగి,
మళ్లీ కాలు, మళ్లీ డొల్ల.
సంగీతం లేదు. మొహం లేదు.
ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు.
నియమం ప్రకారం అయిదు మార్కులు పోవాలి.
అయిదో నిమిషం దగ్గర చూశాను.
చేతులు ఆగలేదు,
షిఫ్టు ఆగలేదు కనుక.
ఆ గడిని ఖాళీగా వదిలి లేచి
సూపు వేడి పెట్టుకున్నాను.

చివరిది దమారిస్ మన్సియాది.
ఒక పిల్లాడు, ఒక బస్సు, రాని ఉత్తరం.
నటన అంతంత మాత్రం.
మూడో నిమిషంలో కెమెరా ఊరికే పక్కకు తిరిగింది.
వీధి మూల, గాలి రోజుల్లో
జనం పట్టుకు నడవడానికి కట్టే తాడు.
తాడు పట్టుకుని ఒకావిడ,
రెండో చేత్తో టోపీ అదిమి
గాలితో గొడవపడుతూ, నోరంతా తెరిచి నవ్వుతోంది.
ఆవిడ వెనకా ముందూ ఎవరూ లేరు.
నాలుగు సెకన్లు.

"అక్కర్లేని షాట్, కోసేయాలి" అని
సగం రాశాక
టోపీని గుర్తుపట్టాను.

వెనక్కి తిప్పి చూశాను.
ఇంకోసారి తిప్పాను.
ఆ రోజు ఏది చూసి నవ్వానో
ఎంత తవ్వినా తట్టలేదు.
నేనలా నవ్వుతానని
నలభై ఆరేళ్లుగా నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు అడిగాను,
ఆ తాడు దగ్గరావిడ ఎందుకని.
"కథకి అక్కర్లేదు టీచర్.
మూడుసార్లు కోసేశాను,
మూడుసార్లూ తెచ్చి పెట్టుకున్నాను.
ఆవిడుంటేనే బాగుంది."
టోపీ మా ఇద్దరి మధ్యా బల్ల మీదే ఉంది.
దమారిస్ చూపు ఒకసారి దాని మీద వాలి
లేచిపోయింది.

కూర్పుకు ఎనిమిది వేశాను.
ఆ రెండూ ఎందుకు కోశానో
ఇంకా తేల్చుకోలేదు.