గోనెసంచి కేక

రాజోలు పాలిటెక్నిక్‌లో లెక్కల పరీక్ష.
సైలెంట్‌లో పెట్టించిన ఫోన్లు రెండొందల పదకొండు
కొబ్బరి పీచు వాసనేసే గోనెసంచిలో పోసి
మూతి బిగించి
మెట్ల కింద కాపలా కూర్చున్నాడు వరహాలు.

పదీ నలభైకి
సంచి ఒక్కసారిగా కేకేసింది.
ఏ పిల్లదీ కాదు, ఏ పిల్లాడిదీ కాదు,
అందరి గొంతూ ఒకటే.

లోపల సందేశం తెలుగులోనే ఉందట:
గ్యాస్ లీకు. కాలవ గట్టుకి పొండి.
అగ్గిపుల్ల గీయొద్దు.
చదవాల్సిన కళ్లేమో
పై అంతస్తులో సమీకరణాల మీదున్నాయి.

వరహాలుకి చదువు రాదు.
అతని మీటల ఫోను మోగనే లేదు.
ముక్కుకేదో తగిలింది, అంతే.
నోట్లో బీడీ, చేతిలో అగ్గిపెట్టె,
రెండూ నీళ్ల కుండీలో పడేసి
ముడి విప్పే తీరికెక్కడిది,
అరుస్తున్న సంచిని అరుస్తున్నట్టే
భుజానెత్తుకుని మెట్లెక్కాడు.

ఇన్విజిలేటర్ని నేనే. కసిరాను కూడా.

సాయంత్రం రిపోర్టు రాశాను:
సందేశం అందినవి, రెండొందల పదకొండు.
వరహాలుకి అందులో గడి లేదు.

గట్టు మీద
అప్పటికీ ఊరుకోని ఒక ఫోనుని
ఒళ్లో పెట్టుకుని
చంటిదాన్ని జోకొట్టినట్టు
తడుతూనే ఉన్నాడు.