కామా లేని చోట

గురువారం సాయంత్రం ఆరున్నర.
గ్రిమ్స్‌బీ లైబ్రరీ మేడమీది గదిలో
హీటరు టకటకమంటుందే గాని వేడెక్కదు.
మూడుసార్లు సబ్బుతో కడిగినా
హాడక్ చేపల వాసనను వెంటబెట్టుకొచ్చిన
పదకొండు జతల చేతులు
బల్లలమీద.

మిసెస్ కాథోర్న్ బోర్డుమీద
ఒక మనిషిని నిలబెట్టింది: ద మ్యాన్.
ఏ మనిషో తెలీదు.
వీపుకి చిన్న కొక్కెం తగిలించింది: హూ.
ఇక దానికి ఏదైనా వేలాడదీయొచ్చంది.
నిన్న వచ్చాడని, ఐసు మోశాడని,
నాకు పది పౌన్లు బాకీ అని.

మన మాటల్లో కథే ముందు నడుస్తుంది.
నిన్న వచ్చి, టీ తాగి, గొడుగు మరిచిపోయిన
అంటూ అంటూ
ఎప్పటికో మనిషి గడప దాటి లోపలికొస్తాడు.
కిబ్రెయాబ్ వాళ్ళ తిగ్రిన్యాలోనూ అంతేనట.
ఇంగ్లీషులో మనిషి ముందొచ్చి తలుపు కొడతాడు,
సామాను వెనక లారీలో వస్తుంది.

"లారీ రాకపోతే?" దాంగ్వోలె అడిగింది.
ఆమె రెండు పెట్టెలు ఇంకా కౌనస్‌లోనే ఉన్నాయి.

టీ తర్వాత, వెరీ.
చీకటికి కటిక, వెన్నెలకు పండు,
చాకిరీకి గొడ్డు, అబద్ధానికి పచ్చి
అని ఏ మాటకు ఆ మాట
వియ్యం చూసి కలుపుకున్నవాళ్ళం మనం.
ఈ వెరీ మాత్రం
పిలిచిన ప్రతి పెళ్ళికీ పోయే పెద్దమనిషి.
వెరీ కోల్డ్. వెరీ లేట్. వెరీ సారీ.

ఒకటి రెండు గుమ్మాల్లో మాత్రం
ఆయన్ని అడుగు పెట్టనివ్వరు.
"డెడ్ ముందు వెరీ రాయకండి.
చావుకి మెట్లుండవు.
కాస్త చావు, బాగా చావు అని లేవుగా."

షిర్‌జాద్ చెయ్యెత్తాడు.
"మా ప్యాకింగ్ లైన్లో కుర్రాడు
పొద్దున్నే డెడ్ కోల్డ్ అంటాడు.
నిన్న మా అమ్మాయి కూడా, సూప్ తాగి, డెడ్ గుడ్ అంది."
మిసెస్ కాథోర్న్ నవ్వేసింది.
వెరీని గుమ్మం ఎక్కనివ్వని మాట
తనే బయటికొచ్చి వెరీ అయిపోయింది మరి.
"మా వైపు అలాగే అంటాం. పరీక్షలో మాత్రం వద్దు."
చచ్చేంత చలి, చచ్చేంత ఇష్టం అనే మనం
నవ్వడానికి లేదు.

ఆఖర్న, ఇంటివాళ్ళ గురించి అయిదు వాక్యాలు.
కిబ్రెయాబ్ పెన్సిలుతో ఒత్తి రాశాడు:
మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ మాల్టా ఈజ్ ఎ వెల్డర్.

ఆవిడ ఎర్ర సిరా వాడదు.
పచ్చ పెన్నుతో, మాల్టాకి ముందొకటి వెనకొకటి
రెండు కామాలు పెట్టింది, సన్నటి చేపముళ్ళలా.
"బ్రదర్ ఒక్కడే అయితే ఇవి ఉండాలి.
అప్పుడు మాల్టా వట్టి కబురు, తీసేసినా అతను అతనే.
ఇవి లేకపోతే
ఏ బ్రదర్ అని అడిగినట్టు, నువ్వు జవాబు చెప్పినట్టు.
ఇంకొకడు ఉన్నట్టు."

అన్నో తమ్ముడో చెప్పనక్కర్లేదనుకున్న భాష
ఒకడా ఇద్దరా అని మాత్రం
రెండు గీతలతో లెక్క అడుగుతుంది.

కిబ్రెయాబ్ ఆ పచ్చ గీతల్ని చాలాసేపు చూశాడు.
రబ్బరు తీసుకుని రుద్దాడు.
సిరా పోదు. ఇంకా రుద్దాడు.
కాగితం నూగు లేచి, పల్చబడి,
ఒకచోట చిరిగింది.
"ఇద్దరం కాదు, ముగ్గురం ఎక్కాం పడవ," అన్నాడు,
"అందుకని."

ఆవిడ పచ్చ పెన్నుకి మూత పెట్టింది.
అదే వాక్యం, కామాల్లేకుండా,
వేరే కాగితంమీద తనే రాసి ఇచ్చింది.

బస్టాపులో, రేవు వైపునుంచి గాలి.
చొక్కా చేతుల్లోకి వేళ్ళు ముడుచుకుని
ఆ ప్యాకింగ్ కుర్రాడే:
"డెడ్ కోల్డ్, కదూ?"

కిబ్రెయాబ్ కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.
"వెరీ," అన్నాడు.