చెక్కుబందీ

రిజిస్ట్రారాఫీసు ముందర రేకుల కింద
ఖాజామొద్దీన్ సార్ దగ్గర
దస్తావేజులు టైపు కొడతాన్నా, పదకొండేండ్లుగా.

ఈ పొద్దొచ్చిన లింకు డాక్యుమెంటు
పందొమ్మిదొందల ముప్పయ్యారుది.
స్టాంపు మీద రాజుకు గొంతుకాడ చెదలు.
హంద్రీ ఒడ్డున ఇరవై సెంట్లు.
పడమటింటికి మనిషి పేరుంది, తండ్రి పేరుంది,
ఉత్తరాన బావికి గూడా ఒక పేరుంది.
తూర్పున: మాదిగ గేరి.
అంతే.
మా తావుకొచ్చేసరికి
కరణానికి సిరా అయిపోయినట్టుంది.

ఆ గేరిలోనే మా జేజినాయన మద్దిలేటి
లందలో తంగేడు చెక్క నానేసేటోడు.
మోచేతుల దాకా ఎరుపు.
నలుపు తెలుపు పెండ్లి ఫోటోలో
చేతులకు తొడుగులేసుకున్నట్టుంటాడు.
జేజి రాహేలమ్మ
ఆ పేరున్న బావికాడే కడవ దించి
ఎవురన్నా పోస్తారని నిలబడేది.
ఎంతసేపు జేజీ, అంటే
'కడవ నీడ ఈ పక్కనుంచి ఆ పక్కకు పొయ్యేంత.'

మాకు పట్టా లేదు.
అందరి పట్టాల్లోనూ మేమున్నాం,
ఒకరి భూమి ఆగిపొయ్యే చోట.

ఇప్పుడక్కడ రివర్ వ్యూ, బ్లాక్ సి, మూడో అంతస్తు.
హంద్రీలో నీళ్ళు రెండు నెల్లే గదన్నా, అంటే
బిల్డరు నవ్వినాడు:
'బ్రోచర్లో ఏడాదంతా ఉంటాయి పాపా.'
మావోళ్ళు ఇంటికి లక్షా ఇరవై వేలు తీసుకొని
జగన్నాథగట్టు అవతలికి పోయినారు.
పునాది తవ్వితే లందగుంత తగిలిందంట.
కాంక్రీటు పోసేముందు మేస్త్రీ
ముక్కుకు తువ్వాల కట్టుకున్నాడంట.
అందరూ ఖాళీ చేసినా
వాసన ఖాళీ చెయ్యలే.

కొనేటాయన బ్యాంకు మేనేజరు. మంచోడే.
నాకూ టీ చెప్పినాడు,
ఆయనదీ నాదీ ఒకే రకం గ్లాసు.
'ఇక్కడ ఇంతకుముందు ఏముండేదమ్మా?'
నేను కాయితం తిప్పినా.

కొత్తదాంట్లో పాత హద్దులు గూడా ఎత్తి రాయాల.
రాసినా.
ఖాజామొద్దీన్ సార్ అద్దాలు పైకి తోసి
'ఆ మాట తీసెయ్ పాపా,
ఇప్పుడట్ల రాయగూడదు, కేసయితాది.
రోడ్డని పెట్టు' అన్నాడు.
ఆయన చెప్పింది న్యాయమే.
ఆ మాటతో మమ్మల్ని ఎంత దూరం నిలబెట్టినారో
నాకు తెలుసు.
కానీ అది తీసేస్తే
ఎనభై ఏండ్ల కాయితాల్లో
మేమున్నట్టు ఇంగ యాడుంది?

వెనక్కి చెరిపే మీట మీద వేలు పెట్టి లెక్కబెట్టినా.
నడుమ ఖాళీతో కలిపి పది నొక్కులు.
సార్ ఇంకొకరి ఆధార్ చూస్తాన్నాడు.
టీ మీద మీగడ కట్టింది.

తొమ్మిది నొక్కినా.

మిగిలిన ఆ 'మ'కే కొమ్ము తగిలించి
ముప్పై అడుగుల రోడ్డు
అని కొట్టినా.