ముప్ఫై డిగ్రీలు

ఏడు రోడ్ల కూడలిలో కొన్నాను దీపం.
ఇత్తడి రంగు గొట్టం, జానకి ఎక్కువ, మూరకి తక్కువ.
"తెల్లది పట్టుకెళ్లండి మేడమ్,
ఆపరేషన్ థియేటర్లా ఉంటాది ఇల్లు"
అన్నాడు కొట్టువాడు, మెచ్చుకోలుగానే.
పచ్చదే అడిగాను.
నెయ్యి కరగబోయే ముందు రంగు.

బలగలో మా అద్దె వాటా.
ఒక్క మేకు కోసం ఓనరమ్మని
రెండు నెలలు బతిమాలిన గోడ.
దాని మీద, బకాయిలు చేతికొచ్చిన వారం
సీతంపేటలో కొన్న సవర బొమ్మ.
ఎర్రమట్టి మీద బియ్యప్పిండి తెలుపు.
ఒకరి చెయ్యొకరు పట్టుకున్న పుల్లల మనుషులు,
గొడుగు కింద ఎవరో పెద్దాయన,
నెమలి, కోతి, జీలుగు చెట్టెక్కుతున్నవాడు,
మూలకి, ఎందుకో, ఒక బస్సు.

లక్కయ్య పదకొండింటికి వచ్చాడు.
ఐటీఐ పాలకొండలో, ఇల్లు కొండ మీద.
ఏ కొండో అప్పటికి అడగలేదు నేను.
డ్రిల్లు ఆనించగానే కరెంటు పోయింది.
"మనమేటీ సెయ్యలేదండి, లైనే పోనాది" అని నవ్వి
స్టూలు మీదే కూచుని టీ తాగాడు.
కరెంటొచ్చింది. కన్నం పడింది.
ఇటుక పొడి దిండు గలీబు మీద,
పొద్దున్నే తుడిచిన టీవీ మీద,
టీ గ్లాసు అడుగున.

మొదటిసారి వెలిగిస్తే
బొమ్మ కనిపించలేదు.
అద్దంలో నేను కనిపించాను:
నూనె తల, చేతిలో చీపురు,
భుజం వెనక మా ఫ్రిజ్జు.
"ఒంచాలండి" అన్నాడు.
మా వాడి జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తెప్పించి
గోడకి ఆనించి, ఒక కన్ను మూసి
ముప్ఫై దగ్గర మర బిగించాడు.

నేను పోయాను, బొమ్మ వచ్చింది.
దాంతో పాటు గోడ కూడా వచ్చింది.
తాపీ తిరిగిన వంపులు, చెమ్మ పొక్కులు,
పాత అద్దెవాళ్ల కేలండరు మేకు పూడ్చిన మచ్చ.
లోపలి బట్టలు వీధిలో ఆరేసినట్టు సిగ్గేసింది.
"పుట్టీ పెట్టించాలేమో?"
"ఎందుకండి? మా గోడలన్నీ ఇలాగే ఉంటాయి.
అలికినోళ్ల ఏళ్లు కనబడతాయి."

అప్పుడడిగాను ఏ కొండని.
చెప్పాడు. ఒకసారికి పట్టుబడలేదు నాకు ఆ పేరు.
రెండోసారి అడగడానికి మొహమాటపడ్డాను.

పనైపోయినా స్టూలు దిగలేదతను.
"ఇది ఇలాగ ముందు గదిలో గీయరండి.
ఒంట్లో బాగోలేకపోతేనో,
పోయినోళ్లు కల్లోకొచ్చి అడిగితేనో
లోపలి గోడకి గీస్తారు. చీకట్లోనే ఉంటాది."
"మరి కనిపించేదెలా?"
"ఎవులికండి?"

ఫ్యాను తిరుగుతోంది.
పళ్లతో టేపు తెంపి, తీగకి చుట్టి
"మా తాతకి గీసినదాన్ని
టార్చిలైటేసి సూసినానని దెబ్బలు తిన్నాను" అన్నాడు.
కాసేపాగి,
"బస్సు మట్టుకు బాగుందండి."

నాలుగొందల యాభై అయింది.
ఐదొందల నోటుకి చిల్లర లేక
సంచిలోంచి పాత తిప్పుడు బిళ్ల ఒకటి తీసి
స్విచ్చు పక్కన బిగించిపోయాడు.
"ఎక్కువనిపిస్తే తగ్గించుకోండి."

ఇప్పుడు చుట్టాలొస్తే పూర్తిగా తిప్పుతాను.
మెచ్చుకుంటారు, ధర అడుగుతారు,
పిల్లలు ముందుగా బస్సుని కనిపెడతారు.
వాళ్లు వెళ్లాక వెనక్కి తిప్పుతాను
ఒక్క గీత మిగిలేదాకా.
ఎరుపు పోతుంది, గోడ పోతుంది.
బియ్యప్పిండి మాత్రం బేగి పోదు.

మొన్న వానకి ఉసుళ్లొచ్చాయి దీపానికి,
వాటి వెనక బల్లి.
తోకతో కలిపి బొమ్మంత పొడుగు నీడ
పుల్లల మనుషుల చేతుల మీంచి నడిచి
గొడుగు పెద్దాయన పక్కన ఆగింది.
చీపురెత్తాను.
ఎత్తి, ఎవులికండి అని వినబడి
దాన్ని తలుపు వెనక పెట్టేసి
దీపం ఆర్పేశాను.

చీకట్లో బల్లి పలికింది.